బుచ్చయ్య తాత నాటకానికి గంజి పెట్టిన వైనం

ఒక నాటకరచయిత ప్రాణంలా దాచుకున్న కాగితాలను కాపాడబోయి వాటిని వడియాలు చేసిన ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూడాలని ముచ్చటగా ఉంటే ఇదిగో, నేనే. పేరు రమేష్, ఊరు మహారాష్ట్రలోని భివండీ. ఈ కథ చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా నాగావ్ గల్లీ అంతా తిట్టేసింది, మీరు కొత్తగా తిట్టేదేమీ మిగల్లేదు.

అప్పట్లో నేను భివండీ పక్కనే పూర్ణలో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. అంటే డబ్బాలకు టేపు అంటించేవాళ్ళ మీద అరిచే ఉద్యోగం. కూర్చోమంటే నిలబడేవాణ్ణి, నిలబడమంటే నడిచేవాణ్ణి. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. గాజుసామాను నుంచి గ్యాస్ పొయ్యి దాకా ఈ చేతుల మీదుగా భద్రంగా వెళ్ళాయి కాబట్టి, లోకంలో నేను కాపాడలేని వస్తువు లేదని నాకు గట్టి నమ్మకం.

ఇక బుచ్చయ్య తాత. మా గల్లీ చివరి ఖోలీలో, అంటే చిన్న ఇంట్లో, ఆయనా, ఆయన భార్య లచ్చవ్వా ఉండేవారు. మాకు చుట్టం కాదు, అయినా గల్లీ మొత్తానికి తాతే. కరీంనగర్ పక్క నుంచి వచ్చి బతుకంతా మగ్గాలు నడిపాడు, నడుపుతూనే నాటకాలు రాశాడు. గణపతి మండపాల్లో మన తెలుగువాళ్ళే వాటిని ఆడేవారు. మగ్గాల చప్పుడులో రాసినవి కాబట్టి ఆయన నాటకాల్లో పాత్రలన్నీ అరుచుకుంటాయి. ప్రేమికులు కూడా అరుచుకునే ప్రేమించుకుంటారు. పెళ్ళికూతురి వేషానికి మీసాలు తీయనన్న ఒక మేస్త్రీ కోసం, పెళ్ళికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడేలా నాటకమంతా తిరగరాశాడట.

వాటన్నింటిలో ఈ పెళ్ళికూతురున్న 'ఆరో నంబరు మగ్గం' ఆయన ప్రాణం. మగ్గం ఒకటి సేటు మాట వినకుండా మొండికేస్తే కారఖానా ఏమైందన్నది కథ. దాని అచ్చుప్రతి లేదు, ఇంకో ప్రతి లేదు. ఉన్నదల్లా నూలు సంచిలో కుక్కి దూలానికి వేలాడదీసిన కాగితాలే. అవి చూపించి ఆయన ఒకసారి నాతో అన్నాడు.

"నేను పోయినంక ఇవి పొయ్యిల పోతయ్ రా బిడ్డా. యాడన్న ఒక పదిలమైన జాగల పడితే సాలు. ఎవడన్న సదువుతడా లేదా, అది ఎనుకటి ముచ్చట."

ఆ మాట అంటూ సంచిని ఒకసారి చేత్తో నిమిరాడు. ఆ బెంగ పోగొట్టడం నా వల్లే అవుతుందని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. వినాశకాలం అలాంటి మంచి ఆలోచనలతోనే మొదలవుతుంది.

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో నాటకకర్తల రాతప్రతులు సేకరించి భద్రపరిచే విభాగం ఉందని ఫోన్‌లో చూసి, వెంటనే నంబరు కొట్టాను. వసంత మేడం అనే ఆవిడ మాట్లాడారు. విషయమంతా విని సంతోషించి, వచ్చే వారమే వస్తానన్నారు.

"అంతదాకా నేనేం చెయ్యాలె మేడం?"

"ఏమీ చేయకండి."

"దుమ్ము దులుపుదునా?"

"వద్దు."

"చినిగినవాటికి టేపు..."

"అయ్యో, టేపు అసలు వద్దు. వరుస కూడా మార్చకండి. ఆ సంచి ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. మీరు ఏమీ చేయకపోవడమే మాకు పెద్ద సాయం."

చూశారా, ఆవిడ ఎంత కష్టమైన పని అప్పజెప్పారో! కోతిని చెట్టెక్కించి కొమ్మ కదలకూడదన్నట్టుంది. వారం రోజులు ఏమీ చేయకుండా ఉండాలి. మొదటి రోజు సంచి కింద నిలబడి చూశాను. రెండో రోజు సంచిని కొద్దిగా ఊపి చూశాను. ఆరో రోజు, పైన కాగితం ఎలా ఉందో చూద్దామని, కేవలం చూద్దామనే, వేలుతో తాకాను. మూల విరిగి నా చేతిలో పొడైంది.

అక్కడి నుంచే కేకేశాను. "తాతా! ఇవి హైదరాబాద్ దాంక పోవు. రైలు కుదుపుకే పిండి పిండి అయితయ్!"

తాత వచ్చి నా చేతిలో పొడి చూశాడు. "మరి ఎట్ల రా?"

సరిగ్గా అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. వెలగకపోయినా బాగుండేది. "తాతా, నువ్వు మగ్గం నడిపినోనివి. నువ్వే చెప్పు. గంజి పెట్టని పోగు మగ్గం మీద నిలుస్తదా?"

"నిలువది. పుటుక్కున తెగుతది."

"గంజి పెడితే?"

"ఇంగేంది, కడక్ అయితది. గుంజినా తెగది."

"మరి కాగితం గూడ అంతే గదా?"

తాత కాసేపు గడ్డం గోక్కున్నాడు. నేతపని రక్తంలో ఉన్నవాడికి ఇంతకు మించిన తర్కం ఉంటుందా చెప్పండి? "అవ్ రా," అన్నాడు. "నాకు ఇన్నేండ్లు ఎందుకు తట్టలేదో!"

పొయ్యి దగ్గరి నుంచి లచ్చవ్వ కేకేసింది. "ఆమె ముట్టద్దన్నది గదరా? నాటకానికి గంజి పెట్టుడేంది, అంగీనా అది?"

"నీకు తెల్వది తియ్ అవ్వా," అన్నాను. ఆ నాలుగు మాటలకు ఈనాటికీ ఆమె ముందు తలెత్తలేను.

మా దోస్తు దావీదు సైజింగ్‌లో పనిచేసేవాడు. నూలు మగ్గానికి వెళ్ళేముందు గంజి తాగించే కారఖానా అది. వాడికి ఫోన్ చేసి ఒక బకెట్ గంజి తెమ్మన్నాను.

"ఎందుకు రా?"

"నాటకానికి."

"నాటకానికి సైజింగా? పిచ్చి గిట్ల లేసిందా? సేటుకు తెలిస్తె నన్ను గూడ ఆ గంజిలనే ముంచుతడు."

అయినా తెచ్చాడు, దోస్తు కాబట్టి. పెద్దబకెట్ నిండా పొగలు కక్కే గంజి. మా నాయనమ్మ చేనేత రోజుల్లో గంజిలో నూనె చుక్క వేసేదని గుర్తొచ్చి, పోగుకు చుక్క వేస్తే కాగితానికి సీసా వేయాలి కదా అని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె సీసా అందులో బోర్లించాను. తాత ఒక్కో కాగితాన్ని ప్లాస్టిక్ పట్టా మీద పరిచాడు, నేను కుంచెతో గంజి పూశాను. బయట భివండీ వాన, గోడలకే చెమట. అలాంటి వాతావరణంలో నేను తడిపే పని పెట్టుకున్నాను! బాల్ పెన్నుతో రాసినవి కాబట్టి అక్షరాలు చెదరలేదు. ఆ పొద్దు నాకున్న అదృష్టమంతా అదొక్కటే.

అంతా పూశాక తెలిసింది, ఒక్క కాగితమూ ఆరడం లేదని.

"ఫ్యాన్ వెయ్యి తాతా!"

"ఎగిరిపోతయేమో రా."

"గంజి పెట్టినంక ఎగురుతయా? బరువు లేదా? ఫుల్ వెయ్యి!"

వేశాడు. 'ఆరో నంబరు మగ్గం' ఖోలీ అంతా ఆడింది. కొన్ని పుటలు గోడకు అతుక్కున్నాయి, ఒకటి దేవుడి పటానికి, ఒకటి దావీదు నుదుటికి. ఏం గోల అని లోపలికి వచ్చి ఇటు తిరిగిన లచ్చవ్వ వీపుకు ఒకటి చప్పున కరుచుకుంది.

"కదలకు అవ్వా!" అని అరిచాను.

"ఎందుకు రా? తేలుందా?"

"తేలు కాదు, నీ ఈపు మీద సేటున్నడు!"

ఆమె పెట్టిన కేకకు గల్లీలో సగం మంది గడపలోకి వచ్చారు. లేని సేటు కోసం ఇద్దరు కర్రలు కూడా తెచ్చారు.

మొత్తానికి అన్నింటినీ పీకి, ఏరి, ముడతలు పోవాలని ఒకదాని మీద ఒకటి పేర్చి పైన రుబ్బురాయి పెట్టాను. తెల్లారి రాయి తీస్తే నాటకం లేదు, పలక ఉంది. మూడు అంకాలూ కలిసి ఒకే ముద్ద. పైన ఊడొచ్చిన నాలుగు పుటలేమో నూనె తాగి అద్దాలయ్యాయి. ఇటుపక్క సేటు "పనిలకెళ్ళి తీసేస్త" అని గర్జిస్తుంటే, అటుపక్క పెళ్ళికూతురు సిగ్గుపడే మాటలు దాని మీదే కనిపిస్తున్నాయి. కలిపి చదివితే సేటే కొంగు నోటికడ్డం పెట్టుకుని గర్జిస్తున్నట్టుంది. ఆ పైన చీమలు బారులు తీరాయి, బొద్దింకలు బంధువర్గంతో వచ్చాయి. నూలు గంజి రుచి మరిగిన మా నాగావ్ ఎలుక ఒకటి మూడో అంకం చివర కొరికి, ముగింపు తన ఇష్టప్రకారం మార్చేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందుకు బదులు గంజి పోశాను, అంతే తేడా.

వసంత మేడం ఆ రోజే వచ్చారు. ధామన్కర్ నాకా కూడలి ట్రాఫిక్‌లో ఆమె ఆటో ఇరుక్కుపోయిందని ఫోన్ వస్తే, జీవితంలో మొదటిసారి ఆ ట్రాఫిక్‌కు దండం పెట్టుకున్నాను. కానీ అదీ ఎంతసేపు ఆపుతుంది? వచ్చారు, కూర్చున్నారు, పలకను చూశారు, వంగి వాసన చూశారు.

"దీనికేం చేశారు?"

"ఏం చెయ్యలే మేడం."

"మరి ఇలా..."

"గంజి పెట్టినం బిడ్డా," అన్నాడు తాత, అబద్ధం చేతకాని మనిషి. "కొబ్బరినూనె గూడ ఏసినం. మంచి నూనెనే."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. నెమ్మదిగా చెప్పారు. "పెద్దాయనా, దీన్ని తీసుకెళ్ళి మిగతా కాగితాల పక్కన పెట్టలేను. ఈ గంజికి పురుగు పడుతుంది. పడితే గదిలో ఉన్న అందరి రాతలూ పోతాయి."

తాత పలక మీది చీమల్ని కండువాతో దులిపాడు. తర్వాత, "అవ్ బిడ్డా, నా ఒక్కని కోసం అందరియి ఖరాబ్ చేస్తరా. వానల వచ్చినవ్, జర చాయ తాగు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చాను. నా మొహం చూసి లచ్చవ్వకు కూడా తిట్టాలనిపించలేదు.

చాయ్ తాగాక మేడం ఆ పలకను అటూ ఇటూ తిప్పి, సంచిలో గట్టిగా మూటగట్టించారు. "మరమ్మతు విభాగంలో చూపిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను," అని తీసుకెళ్ళారు.

అక్కడి నుంచి నెలల తరబడి నా ప్రాణం నా దగ్గర లేదు. గోడౌన్‌లో గాజుసామాను డబ్బా మీద పుస్తకాల చీటీ, పుస్తకాల డబ్బా మీద గాజుసామాను చీటీ అంటించాను. మేడంకు ఎన్నిసార్లు ఫోన్ చేశానంటే, చివరికి ఆవిడ హలో అనడం మానేసి "ఇంకా లేదు రమేష్" అనేవారు. తాత మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. గల్లీలో కనబడితే తిన్నావా అని అడిగేవాడు. అదే నన్ను చంపింది.

చివరికి ఒకనాడు ఆవిడే ఫోన్ చేశారు. పరుగెత్తుకెళ్ళి తాత ముందు స్పీకర్ పెట్టాను.

"పెద్దాయనా, మీ నాటకం విడిపోతోంది. మా దగ్గర కాగితాలు బాగుచేయడం నేర్చుకునే పిల్లలున్నారు. పాడైన కాగితానికి ఇంతకంటే మంచి నమూనా మాకు దొరకలేదు. అందరికీ మొదటి పాఠం మీ నాటకమే. గంజి వదిలించి, ఒక్కో పుట విడదీసి, ముక్కలు అతుకుతున్నారు."

"అతుకుడే గాని, సదువుతున్నరా బిడ్డా?"

"చదవక తప్పదు కదా! మాట మాట చదివితేనే ఏ ముక్క ఎక్కడిదో తెలిసేది. ఎలుక తిన్న ముగింపులో ఏముందో అని పిల్లలు రోజూ కొట్టుకుంటున్నారు. మీరే చెప్పాలి."

తాత చెప్పాడు. ఫోన్‌లోనే మూడో అంకం చివర అరిచి మరీ ఆడాడు. అవతల పిల్లల చప్పట్లు వినిపించాయి. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, ఏదో అనుమానం వచ్చి అడిగాడు.

"మరి పెద్ద పెద్ద రచయితలయి ఉన్నయ్ గద, అవెట్లున్నయ్?"

"అవి చాలా భద్రంగా ఉన్నాయి పెద్దాయనా. పెట్టెల్లో, చల్లటి గదిలో."

"ఎవలన్న సదువుతరా?"

మేడం కాస్త తటపటాయించారు. "ఎప్పుడో ఒకసారి, ఎవరైనా అడిగితే."

తాత ఊఁ అన్నాడు. నేను ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

తెల్లారి గోడౌన్ గేటు దగ్గర నాకోసం ఎవరో వచ్చారని కబురొస్తే వెళ్ళాను. బుచ్చయ్య తాత. నెత్తి మీద ఇంకో సంచి.

"ఏంది తాతా ఇది?"

"నా మిగిలిన నాటకాలు రా. అటక మీదున్నయ్." ఇటూ అటూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చాడు. "దావీదుకు ఫోన్ కొట్టు. ఈ పాలి గంజి జర చిక్కగ తెమ్మను."

ఆ క్షణాన, పూర్ణ గోడౌన్ల సాక్షిగా, దారిన పోయే కంటైనర్ లారీల సాక్షిగా, నేను ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఈ కుడిచేత్తో గానీ ఎడమచేత్తో గానీ ఏ రచయిత రాసిన కాగితానికీ గంజి పూయను, నూనె రాయను, రాసినాయన కాళ్ళావేళ్ళా పడి బతిమాలినా సరే. మేడం వచ్చి తీసుకెళ్ళేదాకా ఆ రెండో సంచి పక్కన కర్ర పట్టుకుని కాపలా కాశాను. ఎలుకల నుంచి అనుకునేరు. తాత నుంచి.