ఈశాన్యపు మూల ఉప్పు

మే నెల, అమావాస్య దాటిన ఆదివారం. కామారెడ్డి, మా ఇంటి కారు షెడ్డు.
ఉన్నవారు: నేను, నా భార్య, మా బావ, షట్టర్ మెకానిక్.

ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

బావ అంటే చనిపోయిన మా అక్క భర్త. ఎల్లారెడ్డిలో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, దీపావళి తర్వాత సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. షెడ్డు వెనక గది ఇచ్చాం. ఆ గదికి వేరే దారి లేదు, షట్టర్ ఎత్తే బయటికి పోవాలి. ఆయనకేమో తెల్లవారకముందే బస్టాండు దాకా నడిచి చాయ్ తాగే అలవాటు. షట్టర్ ఎడమవైపు ముందు లేచేది, కుడివైపు ఇరుక్కునేది. వంకరగా, కీచుమని అరుస్తూ పైకి పోయేది. దాంతోపాటు వీధంతా లేచేది.

"నువ్వొచ్చినంకనే దీనికి రోగమొచ్చింది అన్నా. నువ్వు అడుగుపెట్టిన యాళ్ల మంచిది కాదు" అనేది నా భార్య, సరిగ్గా ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు.

"నా మీద ప్రేమ చెల్లె దానికి. నేను బయటికి పోతుంటె ఏడుస్తది" అనేవాడాయన.

ఒకరోజు ఆమె తేల్చేసింది. "సప్పుడు బందైతె ఉండు. కాకుంటె ఎల్లారెడ్డి బస్సెక్కు."

నేను పేపరు మడవలేదు.

ఆదివారం మాచారెడ్డి నుంచి మెకానిక్ వచ్చాడు. పనికంటే మాటలెక్కువ. చూడకముందే, "స్ప్రింగు సచ్చింది బాపు, కొత్త షట్టరే ఏసుకోండ్రి" అన్నాడు. బావ వినలేదు. షట్టర్ జారే గాడి దగ్గర, కుడివైపు మూలన గొంతుక్కూర్చుని టార్చి వేశాడు. గాడి అడుగున ఇనుము తుప్పుతో ఉబ్బిపోయి ఉంది. దాని మీద తెల్లటి పెచ్చు. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు!"

మా ఇంట్లో దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కని చోట వేయాలి. షెడ్డులో అలాంటి చోటు ఆ ఈశాన్యపు మూల ఒక్కటే. అమావాస్యకు కారు ముందు కొట్టే కొబ్బరికాయ నీళ్లూ అటే పారేవి. బావ వచ్చాక నా భార్య రోజు విడిచి రోజు దిష్టి తీసేది. ఆయన కళ్లు మంచివి కావని.

బావ లేచి నిలబడి పకపకా నవ్వాడు. "నా దిష్టి తీసి తీసి నీ షట్టర్నే తినవెడితివి గద చెల్లె! గీ ఉప్పంత నా కూరల వేస్తె నేనెప్పుడో పోదును."

"ఇనుముకు దిష్టి తాకింది అవ్వా!" మెకానిక్ కూడా అందుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. నా భార్య నవ్వలేదు. బావ సగం తాగి పెట్టిన చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మెకానిక్ తుప్పు గీకాడు, డీజిల్‌తో కడిగాడు, వంగిన గాడిని సుత్తితో సరిచేశాడు. పక్కకు జరిగిన షట్టర్ పట్టీలను లోపలికి కొట్టి, స్ప్రింగు బిగించి, గ్రీజు పూశాడు. సాయంత్రానికి షట్టర్ రెండువైపులా సమంగా, ఒంటిచేత్తో ఎత్తితేనే లేచింది. బావ పిల్లాడిలా ఎత్తుతూ దించుతూ నిలబడ్డాడు.

"సప్పుడు బందైంది బామ్మరిదీ. ఇగ నేను ఉన్నట్టే గద?"

నవ్వుతూనే అడిగాడు గాని, జవాబు కోసం ఆగాడు.

"అన్నం తిను బావా" అన్నాను.

మరునాడు పొద్దున ఆయన ఎప్పుడు వెళ్లాడో ఎవరికీ తెలియలేదు. చాయ్ తాగి వచ్చేసరికి షట్టర్‌కు తాళం ఉంది. సంచి బయట అరుగు మీద ఉంది. తాళం వేసింది నేనే.

"సప్పుడు లేకుంట పోతవు, సప్పుడు లేకుంట వస్తవు" అంది నా భార్య మెట్ల మీద నిలబడి. "కారున్న షెడ్డాయె. నువ్వెప్పుడొచ్చేది మాకెట్ల తెల్వాలె అన్నా?"

"సప్పుడు బందైతె ఉండుమంటివి గద చెల్లె."

"అంటి. ఎల్లారెడ్డిల నీ కూరల ఉప్పేసెటోళ్లు ఉంటరు, పో."

ఆయన నా వైపు చూశాడు. "బామ్మరిదీ" అని ఒక్కసారే పిలిచాడు. నేను తాళంచెవి జేబులో వేసుకున్నాను.

ఆయన మలుపు తిరిగేదాకా నా భార్య అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి పోయి పిడికెడు ఉప్పు తెచ్చి, ఇంటికి దిష్టి తీసింది. ఈసారి దాన్ని మూలకు వేయలేదు. ఆయన నడిచిన దారిలో చల్లింది.