జల్లాఖ్ ఇసుక దిబ్బ మీద స్కీలు

ఈ అరబ్బు దేశంలో, రిఫా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి అమ్మాయికి మంచు కొండలంటే పిచ్చి. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగింది, తెలుగు కూడా నా దగ్గరే పట్టుకుంది. ఇప్పుడు ఏటా చలికాలం మొదట్లో, మంచు ఇంకా పల్చగా ఉండగానే, స్కీలు అనే పొడవాటి జారుడు పలకలు కాళ్లకు కట్టుకుని కొండలెక్కి దిగడానికి వేరే దేశం వెళ్తుంది. లిఫ్టులు లేని కొండలు, కాళ్లతోనే ఎక్కాలి.

పోయిన నవంబరులో ఒక శుక్రవారం, ప్రయాణానికి ముందు కాళ్లు అలవాటు చేసుకుందామని పాత స్కీలు రెండు జతలు కారులో వేసింది. జల్లాఖ్ దగ్గర ఇసుక దిబ్బ ఉంది. తోడు రావాల్సిన స్నేహితురాలు రాలేదు. ఆమె కోసం పెట్టిన బూట్లు నాకు సరిపోయాయి. అంతే!

"అక్కా, యల్లా, పద! ఇవాళ నువ్వే."

"నాకు నలభై దాటాయి పాపా!" అంటూనే కారెక్కేశాను.

దిబ్బ దగ్గర స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటించింది. ముందుకు జారతాయి, వెనక్కి జారనివ్వవు. ఈడ్చుకుంటూ, రొప్పుకుంటూ ఎక్కాం. కింద మా డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"అక్కా, దుబాయికొచ్చి గీ పని నేర్సుకుంటున్నవా? జర పైలం, పడ్తవ్!" వాళ్ల వైపు ఏ అరబ్బు దేశమైనా దుబాయే.

పైన పట్టీలు ఊడదీశాం. పాప ముందు దిగింది. నాలుగు గజాలు పోయిందో లేదో గర్రుమని రాయి తగిలి బోర్లా పడింది. నా ప్రాణం పోయినంత పనైంది. తనే లేచి, నోట్లో ఇసుక ఉమ్మేసి నవ్వింది.

"మొదటి మంచు ఇలాగే అక్కా. పైన కొంచెం, కింద అంతా రాయి."

తను మళ్లీ ఎక్కి వచ్చేలోగా నేను దిబ్బంతా చూశాను. మాది సముద్రపొడ్డు ఊరు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఏళ్ల తరబడి ఇసుకలో నడిచినదాన్ని. కాలు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ గట్టిగా తగులుతుందో నాకు చూస్తేనే తెలిసిపోద్ది. పాప పడినచోట ఇసుక మీద సన్నటి గీతలు, మధ్యమధ్య నల్లటి మచ్చలు, అంటే కింద రాయే. ఎడమవైపు, గాలి చాటున, పిండి పోసినట్టు నున్నగా ఉంది.

"పాపా, ఇటు దిగుదాం. ఇక్కడ లోతుగా ఉంది."

"నిజంగానా? అయితే ముందు నువ్వు పో!"

మోకాళ్లు వంచి వదిలేశాను. జర్రున పోతున్నాను! చెవుల్లో గాలి, గొంతులోంచి నాకే తెలియని కేక. ఒక్క రాయి తగల్లేదు. ఆగడం మాత్రం ఎవరూ చెప్పలేదు. తిన్నగా డ్రైవరు మీదికి పోయి, ఇద్దరం ఇసుకలో దొర్లాం.

"ఓ యవ్వ! నన్ను సంపుతవా అక్కా!"

వెనకాలే పాప, నా గీత మీదుగానే, అరుచుకుంటూ దిగింది. వచ్చీరాగానే నన్ను వాటేసుకుంది.

"ఇంకోసారి?"

"ఆగకు, పద!" అన్నాను.

పొద్దుగుంకే లోపు ఏడుసార్లు ఎక్కాం. ప్రతిసారీ దారి నేనే చూపించాను.