మోకాళ్ళ మీద మైనం

అలల మీద ఆడుకునే బోర్డులు అద్దెకిచ్చి, విరిగితే బాగుచేసే ఆయన్ని ఆ తీరంలో అందరూ మైనం బావ అనేవాళ్ళు. కాళ్ళు జారకుండా బోర్డుకి రుద్దే మైనం తనే కాచుకునేవాడు. ఇంకొకళ్ళ సరుకు మీద నమ్మకమెక్కడిది! అద్దెకిచ్చిన బోర్డు తిరిగొస్తే గీత పడిందేమోనని ఈ చివర్నుంచి ఆ చివరికి తడిమి చూసేవాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ చూపు ఇంటికి కూడా పట్టుకెళ్ళేవాడు.

ఓ రోజు బట్టలు ఉతకబోతే భార్య ప్యాంటు మోకాళ్ళ దగ్గర జిడ్డు కనిపించింది. వాసన చూశాడు. నిమ్మవాసన! తన మైనానికి వాసనే ఉండదు. నిమ్మవాసన మైనం వాడేది తీరానికి ఆ చివర బోర్డుల కొట్టు పెట్టిన మీసాలాయన ఒక్కడే. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఆవిడ రోజూ సాయంత్రం తీరం వెంట నడకకి వెళ్తుంది. ఈమధ్య తడి తలతో వస్తోంది.

“తల తడిసిందేం?” అన్నాడు.

“సముద్రం కదండీ, తడవదూ?” అంది, ముఖం తిప్పుకుని.

అంతే. అనుమానం పెనుభూతమైంది. అన్నం సహించలేదు. ఇన్నేళ్ళ కాపురం బూడిదలో పోసిన పన్నీరేనా అని కుమిలిపోయాడు. మర్నాడు సాయంత్రం కొట్టు మూసి, నడిచేవాళ్ళ గుంపు చాటున ఆవిడ వెనకాల నక్కి నక్కి బయల్దేరాడు. సముద్రం పక్కనే బతుకుతున్నా ఆ తీరం చివరిదాకా అతనెప్పుడూ నడవలేదు.

అక్కడ మీసాలాయన ఒడ్డున నిలబడి కేకలేస్తున్నాడు. “లే తల్లీ, లే! జన్మంతా మోకాళ్ళ మీదేనా?”

నీళ్ళలో, బోర్డు మీద, ఆవిడ. లేచింది, తూలింది, నిలబడింది. నోరారా నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడు చూశాడో అతనికి గుర్తురాలేదు.

ఒడ్డుకొచ్చి మొగుణ్ణి చూసింది. తడబడలేదు.

“చాటుగా వెంటపడి వచ్చారా?”

“మన కొట్లో బోర్డులు లేవా? నేను నేర్పేవాణ్ణి కాదా?” అన్నాడు.

“నేర్చుకుంటావా అమ్మా అని ఆయన అడిగాడు. మీరు ఇన్నేళ్ళలో ఎక్కడికెళ్ళావనే అడిగారు గానీ, వస్తావా అని ఒక్కసారైనా అడిగారా?”

అనుమానం తీరిపోయింది. అది ఉన్నంతసేపూ లేని భయం ఇప్పుడు పట్టుకుంది. ఇప్పుడైనా అడుగుదామని నోరు తెరిచాడు. ఆవిడ అప్పటికే బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయింది.