అడ్జస్ట్‌కి కర్మ ఏది?

ఈ రోజు మంగళగిరిలో నా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో 'అడ్జస్ట్' నేర్పాను. కుర్చీని, అద్దాన్ని, ఫ్యాను స్పీడుని అడ్జస్ట్ చేస్తామని చెప్పి, తలా ఒక వాక్యం రాయమన్నాను. చీరలు నేసేవాళ్ల అమ్మాయి ఒకామె 'మై మదర్ అడ్జస్ట్స్' అని రాసి పెన్ను మూసేసింది.

"కర్త అమ్మ, బాగుంది. మరి కర్మ ఏదమ్మా?" అన్నాను.

"కర్మ కూడా అమ్మదే మేడం," అంది.

అందరం నవ్వాం, ఆ అమ్మాయి తప్ప. ఆ వాక్యాన్ని దిద్దబోయి ఆగిపోయాను.

గుంటూరు బస్సులో ఒకావిడ "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటే వెంటనే జరిగాను. ఇంటికొచ్చి ఇంతసేపైనా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఇంతకీ మీ ఇంట్లో ఈ క్రియకు కర్త ఎవరు?