సతుర్నీనా పూడ్చేసిన మట్టిగుంట

ఆకోరా సంతలో నా బంగాళాదుంపల మూటల పక్కనే సతుర్నీనా కలిసాయా కూర్చునేది. ఆవిడ అమ్మేది మట్టి. చాకో అంటాం మేము, తెల్లటి ముద్దలు. మా కొండల ఎత్తున చలికి తట్టుకునేవి చేదు దుంపలే. ఆ మట్టిని ఉప్పునీళ్లలో కలిపి, ఉడికిన దుంపని అందులో ముంచుకు తింటే చేదు విరుగుతుంది, కడుపు కూడా మొరాయించదు. ఎండకీ చలిగాలికీ బుగ్గలు పగిలిన ఆడపిల్లలు అదే మట్టి మొహానికి పట్టించేవాళ్లు. మొగుడు పోయాక సతుర్నీనాకి కొండ వాలులోని ఆ మట్టిగుంటే ఆధారం.

అసలే ఆవిడ అనుమానపు మనిషి. నా తక్కెడనీ నమ్మేది కాదు. "ఒరే తమ్ముడూ, దుంపలతో పాటు నీ బొటనవేలు కూడా తూస్తున్నావేంట్రా?" అనేది.

ఒక ఏడు ఆ గుంటకి ఎగువన, పాడుబడ్డ వెండి గనిని ఎవరో బయటివాళ్లు వచ్చి మళ్లీ తవ్వడం మొదలుపెట్టారు. వానలు పడ్డాక సతుర్నీనా సంతకైతే వచ్చింది గానీ మూట ముడి విప్పలేదు.

"ఏంటక్కా, మట్టిని కూడా మగ్గబెడుతున్నావా?" అన్నాను.

నవ్వలేదు. "వాగులో రాళ్లకి పసుపుపచ్చ పెచ్చు కట్టిందిరా. కప్పల అరుపే లేదు. ఆ నీళ్లే నా గుంటలోకి ఊరుతున్నాయి."

"మట్టి రుచేమైనా మారిందా?"

"మారలేదు. నా భయమూ అదే. దుంపలో చేదుని లాక్కునే మట్టి, నీళ్లలో ఉన్నదాన్ని లాక్కోకుండా ఊరుకుంటుందా?"

అంతలో ఫోర్తునాతా లాకీ వచ్చింది. కడుపుతో ఉంది. దుంపలు లేకుండా ఒట్టి మట్టే చప్పరించడం ఆమెకి యావ అయిపోయింది.

"పిన్నీ, నాలుగు ముద్దలివ్వు."

"లేదు."

"ఆ మూటలో ఉన్నదేంటి మరి?"

"ఉన్నా నీకివ్వను. పైనుంచి పాడునీళ్లు దిగుతున్నాయి. కొన్నాళ్లు నోరు కట్టుకో."

"నా కడుపు పండిందని నీకు కళ్లమంటా? మొన్నటిదాకా లేని పాడునీళ్లు ఇవాళెక్కడ్నించి వచ్చాయి?" అని సంతంతా వినేలా అరిచి వెళ్లిపోయింది.

అదే వారం అరెకీపా నగరం నుంచి ఎఫ్రాయిన్ సెగార్రా అనే వ్యాపారి దిగాడు. మొహానికి పూసుకునే మట్టిని అందమైన డబ్బాల్లో పెట్టి అమ్ముతాడట. గుంటలోదంతా తనకే ఇమ్మన్నాడు. సతుర్నీనా నీళ్ల సంగతి చెప్పింది.

"మావాళ్లు తినరు కదమ్మా, పూసుకుంటారంతే," అన్నాడు.

"పగిలిన చర్మం తాగదా? పూసిన చెయ్యి నోట్లోకి పోదా? నువ్వు ముందు మీ ఆవిడకి పుయ్యి, ఏడాది తర్వాత ఇద్దర్నీ చూస్తాను."

అతను నవ్వేసి వెళ్లాడు. కానీ ఆవిడ వ్యాపారితో మాట్లాడడం ఊరు చూసింది. ఇంకేం! మనకి లేదన్న మట్టి డబ్బాల వాడికి అమ్ముకుంటోందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఆ అనుమానం తగిలింది. అందుకే మట్టిని పరీక్ష చేయిస్తానని ఆవిడ పూనో పట్నానికి బయల్దేరినప్పుడు తోడుగా నేనూ బస్సెక్కాను.

యూనివర్సిటీలో రాళ్లూ మట్టీ పరీక్షించే ఒకావిడ ముద్దని ఉంచుకుని, కొన్నాళ్లాగి రమ్మంది. మళ్లీ వెళ్లాం. మట్టిలో సీసం ఉందని తేలింది. "నోట్లో పెట్టొద్దు, మొహానికీ రాయొద్దు. కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దు, బిడ్డకి చేరుతుంది. శుభ్రమైన మట్టయినా దుంపలతో కాస్త తింటే సరేగానీ, ఒట్టిగా అదేపనిగా తింటే రక్తం తగ్గిపోతుంది," అంది.

సతుర్నీనా సంత మధ్యలో నిలబడి ఇదంతా చెప్పింది. కొందరు నమ్మారు. కొందరు, "పూనోవాళ్లకి మన తిండంటేనే రోత," అన్నారు. గనివాళ్లేమో నీళ్లు శుభ్రంగానే ఉన్నాయన్నారు. అయితే ఒక గ్లాసు తాగి చూపించమంటే, పొద్దుపోయిందని లారీ ఎక్కేశారు.

ఆవిడ తన గుంటని తనే పూడ్చేసింది. రాళ్లు మోసి మోసి భుజాలు పుళ్లు పడ్డాయి. దాంతో ఊరికి కొత్త అనుమానం పుట్టింది, గుంటలో వెండి దాచిందని. ఇద్దరు పారలు పట్టుకుపోయి తవ్వారు కూడా. దొరికింది తెల్లమట్టే. దాన్నే ఇంటికి తెచ్చుకుని తిన్నారు.

ఫోర్తునాతాకి ఆడపిల్ల పుట్టింది. సన్నగా, పిట్టలా ఉంది. పూనోలో రక్తం తీసి చూస్తే పిల్ల ఒంట్లోనూ సీసం కనబడింది. పాలు బాగా పట్టించమనీ, మళ్లీ మళ్లీ తెచ్చి చూపించమనీ డాక్టర్లు చెప్పారు. పిల్ల కోలుకుందని గానీ కోలుకోలేదని గానీ ఎవరూ అనలేదు.

ఈలోగా సతుర్నీనా రెండు కొండల అవతల ఇంకో ఊరి ఆడవాళ్లని బతిమాలి, వాళ్ల గుంటలో మట్టి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పూనోలో చూపించి, బాగుందన్నాకే అమ్మకానికి పెట్టింది.

ఒక ఆదివారం ఫోర్తునాతా పిల్లని వీపున కట్టుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"ఆ నీళ్లు ఎప్పట్నించి దిగుతున్నాయి పిన్నీ?"

"చూసిన రోజునే చెప్పానమ్మా. నేను చూడకముందు సంగతి నాకు తెలీదు."

"అప్పుడూ నీ మట్టే తిన్నాను."

"తిన్నావు. నేనే ఇచ్చాను."

పిల్ల దగ్గింది. ఫోర్తునాతా చెయ్యి చాపి, "దుంపల్లోకి ఒక ముద్ద ఇవ్వు. ముందు నువ్వు తిను," అంది.

సతుర్నీనా ముద్ద విరిచి నోట్లో వేసుకుంది. గుటక పడేదాకా ఫోర్తునాతా ఆవిడ గొంతు వంకే చూసింది. ఆ తర్వాత మిగతా ముక్క కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

"నీకు నమ్మకమేనా అక్కా ఈ మట్టి మీద?" అనడిగాను.

"పూనోలో చూసిన ముద్ద మీద నమ్మకమేరా," అంది నోరు తుడుచుకుంటూ. "ఇది దాని పక్కది."