కారు ఎవరూ నడపలేదు

మా వీధిలో సుబ్బాయమ్మతో బేరమాడి నెగ్గినవాళ్ళు లేరు. "నిన్నటి చేపలా ఉందే" అన్నానంటే చాలు, మొప్ప ఎత్తి నా ముక్కు దగ్గర పెట్టేది. "ఎర్రగా ఉందా లేదా? ముందు ఆ కళ్ళజోడు మార్చుకోండి అమ్మగారూ" అనేది. బందరు మొత్తానికి అంత నోరు ఇంకొకరికి లేదని మా ఆయన అంటుండేవారు. అలాంటి మనిషి కోర్టులో నిజం చెప్పడం నా కళ్ళతో చూశాను. అప్పటినుంచి ఆ భవనం పక్కనుంచి వెళ్ళాలన్నా నాకు ఒళ్ళు మంట.

వాళ్ళది గిలకలదిండి. భర్త నరసింహం ఒకప్పుడు బోటు మీద వేటకి వెళ్ళేవాడు. నడుం పట్టేశాక సైకిలు మీద పల్లెలకి చేపలు తీసుకెళ్ళి అమ్మడం మొదలుపెట్టాడు. వెనక ఐసు పెట్టె, ముందు రబ్బరు హారను. కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఆ బరువు ఒక్కడూ లాగలేడని సుబ్బాయమ్మ రోజూ వెంట వచ్చేది. తన తట్ట కూడా పెట్టె మీదే ఉంచి వెనక నుంచి తోసేది. వంతెన మీదికి చేరాక తట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ మా వీధికి, సైకిలెక్కి ఆయన పల్లెలకి. సముద్రం నుంచి బతికి బయటపడ్డాడు, ఇంక భయం లేదని ఆవిడ ధైర్యం.

ఆ పొద్దున కూడా అలాగే తోసింది. తట్ట దించుకుంది. ఆయన సైకిలెక్కి హారను కొట్టాడు. ఎదురుగా ఒక కారు ట్రాక్టరుని దాటబోయి ఇటు పక్కకి వచ్చి సైకిల్ని కొట్టేసింది. కారు ఆగింది. స్టీరింగు వైపు తలుపు తీసుకుని ఒక కుర్రాడు దిగాడు. కింద పడ్డ మనిషిని చూశాడు. మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయాడు. నరసింహం ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

"వాడు నన్ను చూశాడమ్మగారూ. నేనూ వాణ్ణి చూశాను" అని తర్వాత నాతో చెప్పింది.

మరి పోలీసులకెందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, కాస్త గట్టిగానే అడిగాను.

వాళ్ళ పేటలో వేటకి వెళ్ళినవాడు పోతే, పెద్ద దినం అయ్యేదాకా భార్య గడప దాటదు, పరాయి మగవాళ్ళతో మాట్లాడదు. స్టేషనుకి వెళ్ళి చెప్పాల్సిందంతా పేట పెద్ద నాంచారయ్యే చెబుతాడు. ఏ బోటు, ఎటు గాలి, ఎక్కడ పడిపోయాడు, అన్నీ. ఇన్నాళ్ళూ అది బాగానే నడిచింది. సముద్రం మీద ఎవరూ కేసు పెట్టరు కదా! రోడ్డు మీద పోయిన నరసింహానికీ అదే చేశారు. నాంచారయ్య మంచివాడే. తను చూడని ప్రమాదం గురించి తనకి తెలిసినంత చెప్పొచ్చాడు.

ఈలోగా కారు తాలూకు మనుషులు, బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న ఆసాములు, వాళ్ళ దగ్గర పనిచేసే జకరయ్యని స్టేషనుకి పంపారు. "నేనే నడిపానండి" అన్నాడతను. ముద్దాయి దొరికాడని నాంచారయ్య దణ్ణం పెట్టుకున్నాడు. కానిస్టేబులు ఇంటికొచ్చి భార్య ఏమంటుందని అడిగితే, గుమ్మంలో నిలబడి "అమ్మాయి మాట కూడా అదేనండీ" అని తనే జవాబిచ్చాడు. లోపల మూల కూర్చున్న సుబ్బాయమ్మకి ఆ మాట వినపడనైనా లేదు. ఆవిడ గడప దాటి స్టేషనుకి వెళ్ళేసరికి, అంతా కోర్టుకి పంపేశాం, ఏదున్నా అక్కడ చెప్పుకోమన్నారు.

సాక్ష్యం రోజున తోడు రమ్మంటే వెళ్ళాను. వరండాలో ప్రభుత్వ ప్లీడరు గారు ఆవిణ్ణి పక్కకి పిలిచారు.

"నడిపింది ఇతనే అని చెప్పమ్మా. లేకపోతే కేసు నిలబడదు."

"ఈయన కాదండీ. కుర్రాడండీ."

"ఏ కుర్రాడు? పేరేంటి?"

"పేరు నాకెలా తెలుస్తుందండీ? మొహం తెలుసు."

"ఇన్నాళ్ళకి మొహం అంటే ఎవరు నమ్ముతారమ్మా? ఇతనే అంటే కనీసం ఒకడికైనా శిక్ష పడుతుంది" అన్నాడాయన. చెడ్డవాడేం కాదు. చేతినిండా ఇంకా బోలెడు కేసు కట్టలున్నాయి.

జకరయ్య బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. సుబ్బాయమ్మ తిన్నగా అతని దగ్గరికే వెళ్ళింది. "ఏమయ్యా, నువ్వేనా నడిపింది?"

అతను తలెత్తలేదు. "వాళ్ళ చెరువు గట్టు మీదే మా కాపరం, అమ్మా" అన్నాడు.

ఆవిడ వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏం చెప్పమంటారమ్మగారూ? అవునంటే ఏ పాపం తెలియని వీడు జైలుకి పోతాడు. కాదంటే మా ఆయన్ని చంపినవాడే ఉండడు."

నాకు దుఃఖం వచ్చింది, కోపం వచ్చింది. "నిజం చెప్పు సుబ్బాయమ్మా" అన్నాను. ఇంకేం అనను?

బోనెక్కి నిజమే చెప్పింది. ఈయన కాదు, ఒక కుర్రాడు అంది. అప్పుడే ఎందుకు చెప్పలేదని జడ్జి గారు మెల్లగానే అడిగారు. "మైల్లో ఉన్నానండీ. మా పెద్ద చెప్పాడండీ" అంది. ఆసాములు పెట్టిన ప్లీడరు లేచి ఈవిణ్ణి తికమక పెడతాడేమోనని నేను వెనక గుండె చిక్కబట్టుకున్నాను. ఆయన లేచి, "ఈ సాక్షిని మేం అడగాల్సిందేమీ లేదండి" అని హాయిగా కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. వాళ్ళకి కావలసింది కూడా ఆ నిజమే.

తీర్పు రోజున కూడా వెళ్ళాం. నేరం రుజువు కాలేదు, జకరయ్యని వదిలేశారు. నాంచారయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు. సుబ్బాయమ్మ ప్రభుత్వ ప్లీడరు గారి వెనక నాలుగడుగులు వేసింది.

"అయితే ఆ కారు ఎవరూ నడపలేదాండీ?"

ఆయన చేతిలో కట్టలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి జకరయ్య ఒక కారెక్కుతున్నాడు. సుబ్బాయమ్మ ఆగిపోయింది. నా చెయ్యి నొక్కింది. "అదే కారమ్మగారూ. నడిపేవాడు... వాడే. వాడే!"

నేను పరుగున వెళ్ళి గేటు దగ్గరున్న కానిస్టేబులుకి చెప్పాను. వేలెత్తి చూపించాను. అరిచాను కూడా. అతను కారు వంక చూశాడు, నా వంక చూశాడు. "ఆ కేసు ఇందాకే అయిపోయిందిగా మేడం" అన్నాడు.

నేను తిరిగి చూసేసరికి సుబ్బాయమ్మ కారుకి ఎదురుగా, గేటు మధ్యలో నిలబడి ఉంది. అద్దం వెనక ఆ కుర్రాడు ఆవిణ్ణి చూశాడు. గుర్తుపట్టాడు. నేను ఒట్టేసి చెప్పగలను, గుర్తుపట్టాడు.

హారను కొట్టాడు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

"దారివ్వమ్మా, దారివ్వు" అన్నాడు కానిస్టేబులు.

మా వీధి వీధంతా భయపడే సుబ్బాయమ్మ, ఒక్క మాట కూడా అనకుండా, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని పక్కకి తప్పుకుంది.