శుక్రవారం సెలవు

మా ఆయన అక్క కువైట్ నుంచి వచ్చి మా ఇంట్లో దిగిన మొదటి శుక్రవారమే, ఇవాళ నాకు సెలవని చెప్పి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మిగతా రోజుల్లో నాతో సమానంగా చేసే మనిషి. శుక్రవారం మాత్రం గ్లాసు కూడా కడగదు. ఇంకే వారమైనా సర్దుకునేదాన్నేమో. మా ఇళ్లలో శుక్రవారమంటే ఆడదానికి నడుం విరిగే రోజు. తలంటుకోవాలి, గడప కడిగి పసుపు రాయాలి, పూజ, పరమాన్నం, వీటికి తోడు ఎప్పుడూ ఉండే వంట. లక్ష్మీదేవి వచ్చే రోజున సెలవేమిటి నా తలకాయ అని అరికాలి మంట నెత్తికెక్కేది.

పోనీ, సెలవు పెట్టిన మనిషి సుఖంగా కూర్చునేదా అంటే అదీ లేదు. కాలు కాలిన పిల్లిలా వరండాలోంచి గేటుదాకా, గేటు నుంచి పెరటిదాకా తిరిగేది. మధ్యమధ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, నన్ను కూడా బయటికి రమ్మని పిలిచేది. నేను గరిటె చప్పుడు పెంచేదాన్ని.

భద్రాచలం అవతల, రాష్ట్రం సరిహద్దు దాటగానే వచ్చే కొంటాలో మాకు కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. వదినకి ఇది తప్ప వేరే చోటు లేదు. ఆమె కువైట్‌లో పరాయి వాళ్ల అంట్లు తోముతుండగానే ఇక్కడ మొగుడు ఇంకొకామెతో కాపురం పెట్టాడు.

ఒకరోజు బియ్యం ఏరుతూ ఈ సెలవు కథ తనే చెప్పింది. అక్కడ పనిమనిషిని గడప దాటనిచ్చేది చెత్త పారేయడానికేనట. చెత్తడబ్బా దగ్గరే పక్కిళ్లలో పనిచేసే శ్రీలంకామె, ఫిలిప్పీన్స్ పిల్ల కలిసేవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు. వంటిళ్లలో నేర్చుకున్న అరబ్బీలోనే ముగ్గురూ గుసగుసలాడుకునేవాళ్లు. శుక్రవారం సెలవు కావాలని ముగ్గురూ ఒకే రోజు అడగాలని అక్కడే అనుకున్నారు.

"ఒక్కతి అడిగితే పొగరంటరు పిల్లా. ముగ్గురం అడిగితే ఎవరితోని వండించుకుంటరు?"

ఇచ్చారా అని అడిగాను. ఇద్దరికి ఇచ్చారట. ముందుగా నోరు తెరిచింది శ్రీలంకామె. ఆమెను మాత్రం వారం తిరక్కుండా విమానం ఎక్కించేశారట. "ఆమె పోయి ఇచ్చిన సెలవిది. ఊరికే ఎట్ల వదులుకుంట?" అంది వదిన.

అయినా నా కోపం చల్లారలేదు. అక్కడెవరికో అన్యాయం జరిగితే ఇక్కడ నా నడుం ఎందుకు విరగాలి?

ఇలా ఉండగా ఓ శుక్రవారం భద్రాచలం నుంచి చుట్టాలు భోజనానికి వచ్చారు. వదిన వడ్డించలేదు సరికదా, వాళ్ల పక్కనే కూర్చుని తిన్నది. అక్కను షేకుని చేసి కూర్చోబెట్టావని ఒక పెద్దాయన వేళాకోళమాడాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. తరువాతి శుక్రవారం పొద్దున, కొట్టు తెరవకముందే వంటింట్లోకి వచ్చాడు.

"అక్కను ఇంకేడికన్నా పొమ్మని చెప్పు. ఆడోళ్ల ముచ్చట, నువ్వే తేల్చు."

పెళ్లయినప్పటి నుంచీ అంతే. చందాలవాళ్లను తిప్పి పంపాలన్నా నేనే, చుట్టాలను రావద్దనాలన్నా నేనే. బజారులో ఆయన దేవుడు, నేను గయ్యాళిని. ఇప్పుడు ఆయన తోడబుట్టినదాన్ని గెంటడానికీ నా నోరే కావాల్సొచ్చింది. పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు. మంట ఆపేశాను.

"మీరే చెప్పుకోండి. ఇయ్యాల నాకు సెలవు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వరండాలోకి పోయి వదినను లేపి, పద అన్నాను. ఆమె వెంటనే చెప్పులు తొడుక్కుంది.

బస్టాండు దగ్గరి టీ హోటల్ ముందు నుంచి రోజూ నడుస్తాను గానీ లోపల ఎన్నడూ కూర్చోలేదు. పార్సిలా దీదీ అన్నాడు హోటలాయన. బెంచీ మీద మరైగూడ వైపు దోర్ల తెగ ఆడవాళ్లు, మూటలు పక్కన పెట్టుకుని, తెలంగాణలో మిర్చి ఏరడానికి పోతూ టీ తాగుతున్నారు. ఒకామె మూట ఒళ్లోకి లాక్కుని మాకు చోటిచ్చింది. ఏ ఊరికి పనికి పోతున్నారని అడిగింది. వదిన పకపకా నవ్వింది. నేను మాత్రం గ్లాసు పక్కన పెట్టి ఇంటి దారే చూస్తున్నాను. కడగని గడప, కాగని పాలు, ఇంటికి పోతే ఏమవుతుందోనన్న భయం.

"మొదటి శుక్రవారం అట్లనే ఉంటది. నేనైతే ఏడ్చిన" అంది వదిన.

మా ఆయన ఆ పొమ్మనే మాట అక్కతో చెప్పాలని చాలా రోజులు చూశాడు. ఆమె ముందుకొచ్చి నోరు తెరిచేవాడు, మంచినీళ్లు అడిగి వెళ్లిపోయేవాడు. ఇప్పటికీ చెప్పలేదు. వదిన మా ఇంట్లోనే ఉంది. గడప గురువారం సాయంత్రమే కడిగేస్తున్నాను, లక్ష్మి అలిగి వెళ్లిన దాఖలా ఏమీ లేదు.

శుక్రవారాలు మేమిద్దరం ఆ బెంచీ మీదికి పోతాం. నాకు ఇంకా కుదురుగా కూర్చోవడం రాదు, చూపు ఇంటి వైపే పోతుంది. ఆ శ్రీలంకామె సంగతి నేనే మళ్లీ మళ్లీ అడుగుతుంటాను. వదినకీ తెలియదు. ఆమె ఇచ్చిన సెలవు సముద్రం దాటి నా దాకా వచ్చింది. ఆమెకి ఇప్పుడైనా ఒక శుక్రవారం ఉందో లేదో.